భ్రమరాంబగారి గోరంత మామిడి ముక్క

మల్కాపురంలో మా వరసకి చివరి ఇల్లు భ్రమరాంబగారిది. ఆవిడ భర్త సీతారామాంజనేయులుగారూ నేనూ పోర్టులో ఒకే వర్క్‌షాపులో పనిచేసేవాళ్ళం. వాళ్ళది కోనసీమ. ఆ ఇంటికి నిచ్చెన అడగడానికి వెళ్ళినా ఏదో ఒకటి తినకుండా బయటపడటం ఎవరివల్లా అయ్యేది కాదు. ఇప్పుడే తిన్నానంటే ఆవిడ దృష్టిలో మొహమాటం, కడుపు నిండిపోయిందంటే ఇంకా పెద్ద మొహమాటం. పెళ్ళికి ముందు నేను పుల్లలా ఉండేవాణ్ణి. ఒక ఏడాది యూనిఫాం కొలతలకి వెళ్తే, మీ అమ్మ చెయ్యి మంచిదయ్యా అని టైలరు మెచ్చుకున్నాడు. ఆ మాట మా అమ్మకి నేనెప్పుడూ చెప్పలేదు.

డెబ్బై ఆరులో దంపతులిద్దరూ కాశీ, గయ వెళ్ళొచ్చారు. అక్కడ ఒక పండూ ఒక కూరా వదిలెయ్యడం ఆచారం కదా. మా మేనత్త కాసులమ్మ కాకరకాయనీ వెలగపండునీ వదిలేసి హాయిగా తిరిగొచ్చింది. చాలామంది చేసేది అదే. భ్రమరాంబగారు మాత్రం మామిడిపండు వదిలేశారు. వేసవి వస్తే అన్నం మానేసి మామిడిపళ్ళతో గడిపే మనిషి ఆవిడ. ఇదేం పని పిన్నిగారూ అంటే, ఇష్టం లేనిది ఇస్తే దేవుడికి ఇచ్చినట్టెలా అవుతుందని తిరిగి నన్నే అడిగారు.

దాంతో ఆవిడ మామిడి ఆశంతా ఇతరులకి పెట్టడంలోకి దిగింది. ఊరినుంచి కొత్తపల్లి కొబ్బరి మామిడిపళ్ళ బుట్ట రాగానే కత్తిపీట వేసుకుని కూర్చునేవారు. చెక్కలు కోసి పెట్టి, మన మొహంకేసి చూస్తూ తీపి ఉందా, పీచు తగిలిందా అని ఆరా తీసేవారు. ఆంజనేయులుగారు పేపరు చదువుకుంటూ తిని “ఊఁ” అనేవారు. ఆ “ఊఁ” తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అలాంటి ఇంట్లోకి గినీపందులు వచ్చాయి. ఎవరో నేవీ ఆఫీసరుగారు బదిలీ మీద వెళ్తూ, తన పిల్లలు పెంచుకున్న జతని ఆంజనేయులుగారి చేతిలో పెట్టారు. పేరుకే పందులు. కుందేలు పిల్లంత ఉంటాయి, తోక ఉండదు. ఇవెక్కడి ఎలకలని వీధంతా వచ్చి చూసింది. భ్రమరాంబగారు గోధుమరంగు దానికి బూరె అనీ, తెల్లదానికి పూతరేకు అనీ పేర్లు పెట్టారు. గడ్డి కడుపునిండా పెట్టండి, పండు మాత్రం కొంచెమే అని ఆఫీసరుగారి భార్య చెప్పి పంపిందట. కొంచెం అంటే కోనసీమలో ఎంతో ఆ ఉత్తరాది ఇల్లాలికి ఏం తెలుసు పాపం!

ఆ వేసవిలో బూరె కత్తిపీట చప్పుడు గుర్తుపట్టింది. పీట నేలకి ఆనగానే, చెక్కపెట్టె అంచుమీద ముందుకాళ్ళు వేసి, వీక్ వీక్‌మని వీధిలోకి వినబడేట్టు అరిచేది. పండు బాగుందని ఆవిడకి అంత గట్టిగా చెప్పినవాళ్ళు అంతకుముందు ఎవరున్నారు? ముక్క కాస్తా చెక్క అయింది, పూటకో చెక్క అయింది. బూరె గడ్డి ముట్టడం మానేసింది. ఒకరోజు పొద్దున్న పొట్ట ఉబ్బిపోయి, విరేచనాలతో, బొచ్చు నిక్కబొడుచుకుని మూలన ముడుచుకుని ఉంది. ఆ ఉదయం కత్తిపీట వేసినా అరవలేదు.

బుట్టలో పెట్టుకుని ఆవిడా నేనూ పశువుల ఆసుపత్రికి రిక్షాలో పరుగెత్తాం. డాక్టరుగారు మంచివాడు, తిట్టలేదు. ఇది గడ్డి తినే పొట్ట, తీపి ఎక్కువైతే లోపల పులిసిపోతుందని చెప్పి మందిచ్చారు. తగ్గేదాకా పండు వాసన కూడా చూపించొద్దన్నారు. గడ్డి మాత్రం తినితీరాలి, ఖాళీ కడుపుతో ఉంటే బతకదు అన్నారు. తగ్గాక కూడా తొక్కా టెంకా లేకుండా గోరంత ముక్క, అదీ వారానికి ఒకటి రెండుసార్లే. జామముక్కయినా అంతే. రోజూ గడ్డితోపాటు కాస్త కొత్తిమీర పెట్టుకోవచ్చన్నారు.

ఇంటికి రాగానే ఆవిడ మామిడిపళ్ళ బుట్టంతా వీధిలో పంచేశారు. తర్వాత కత్తిపీట చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చి, మా ఆవిడ నాగమణి పక్కన కూర్చుని తమ ఇంటి కూరలు తరగడం మొదలుపెట్టారు. ఎందుకని అడిగాను.

“ఆ చప్పుడు వింటే అది పండుకోసం ఆశపడుతుంది బాబూ. గడ్డి ముట్టదు,” అన్నారు.

నేను యారాడ కొండవాలునుంచి గరిక కోసుకొచ్చాను. ఆవిడ దాన్ని కడిగి ఆరబెట్టి, ఒక్కో పోచా బూరె మూతి దగ్గర పట్టుకుని నేలమీదే కూర్చున్నారు. అది మొహం తిప్పుకునేది. ఎవరైనా వద్దంటే అంతకన్నా రుచైనది వడ్డించడమే ఆవిడకి తెలిసిన విద్య. ఇప్పుడు ఆ చేతిలో గరిక తప్ప ఏమీ లేదు. నా పిచ్చి ప్రేమతో దీన్ని చంపేశానా అని నెమ్మదిగా అనుకుంటూనే పోచ మార్చేవారు. మర్నాడు మధ్యాహ్నం బూరె ఒక పోచ కొరికింది. ఇంకొకటి కొరికింది. ఆవిడ అప్పుడు లేచి స్నానానికి వెళ్ళారు.

మరుసటి వేసవికి ఊరినుంచి మళ్ళీ బుట్ట వచ్చింది. ఆవిడ ఒక పండు తొక్క తీసి, బూరెకీ పూతరేకుకీ చెరో గోరంత ముక్క పెట్టారు. మిగతాదంతా ఆంజనేయులుగారి కంచంలోకి తోసి బయట అరుగుమీదకి వచ్చేశారు. నేనక్కడే ఉన్నాను. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

“ఏటి పిన్నిగారూ, ఏటైంది?” అన్నాను.

“ఇంకా అడుగుతోంది ఎల్లారావూ, వినపడుతోందా? గయలో పండు వదిలినప్పుడు నాకింత కష్టం అనిపించలేదు.”

లోపల బూరె గొంతు చించుకుంటోంది. పెట్టే చేతులు నేను చాలా చూశాను. పెట్టకుండా ఆగి, ఇంత బాధపడిన చేతిని ఆవిడ దగ్గరే చూశాను. ఆవిడ కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. కానీ ఆ అరుపు భరించలేక నేనే లేచాను.

“ఇంకో సిన్న ముక్క నాను ఎట్టి వచ్చెత్తాను.”

ఆవిడ నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టారు. “వద్దు బాబూ. కాసేపాగితే అదే గడ్డి తింటుంది.”

అరుపు ఆగేదాకా నా చెయ్యి వదల్లేదు.