నిన్న రావాల్సిన పడవ

మూడు రోజులు ఇంట్లో ఉండనక్కర్లేదన్న ఒక్క మాటకే నేను ఆ ప్రయాణానికి పేరిచ్చాను. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల సంగతి ఇది. అప్పుడు ఆళ్లగడ్డలో ఒక చిన్న బడిలో టీచరుగా పనిచేసేదాన్ని. మా అత్తకు పక్షవాతం వచ్చి నాలుగేళ్లయింది. మా ఆయన బేతంచెర్ల దగ్గర నాపరాళ్ల ఫ్యాక్టరీలో పని చూసుకుంటూ ఆదివారాలు మాత్రమే వచ్చేవాడు. పొద్దున్నే ఆమెకు ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, జావ తాగించి బడికి పోవడం, మధ్యాహ్నం గంట కొట్టగానే పరుగున వచ్చి ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టడం, మళ్లీ బడి. ఒకసారి బోర్డు మీద లెక్క రాస్తూ నిలబడే కునుకు తీశాను. పిల్లలు నవ్వితే గానీ మెలకువ రాలేదు.

నంద్యాలలో మా చర్చి ఆడవాళ్లకు ఒక పెద్దావిడ ఉండేది, రిటైరైన నర్సు. ఒంగోలు అవతల సముద్రం ఒడ్డున ఒక పల్లెలో జాలరి ఆడవాళ్ల సంఘం బయటివాళ్లను తమ ఇళ్లలో ఉంచుకుంటుందని ఎవరో చెబితే, ఆమె మా పదకొండు మందిని పోగుచేసింది.

"లాడ్జీలు గీడ్జీలు ఉండవు. వాళ్లిండ్లల్లోనే పడుకోవల్ల, వాళ్లు తినేదే తినల్ల. ఇష్టముంటేనే రాండి" అని ముందే చెప్పింది.

అత్తను చూసుకోవడానికి ప్యాపిలి నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. "పోయిరా వదినా. మూడు దినాలే గదా, మాయమ్మను నేను చూసుకోలేనా?" అంది.

తెల్లవారకముందే నంద్యాలలో వ్యాను ఎక్కాం. నల్లమల ఘాటు మలుపుల్లో అందరూ పాటలు పాడుతుంటే నేను కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. ఊరు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఇంటికి ఇద్దరేసి చొప్పున పంచితే నేను ఒక్కదాన్నే మిగిలాను. నన్ను తీసుకెళ్లిన ఆమెది నా వయసే ఉంటుంది. ఒక్క గది, తాటాకు వసారా. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచం మీద ఉతికిన దుప్పటి పరిచింది. అన్నం, చేపల పులుసు పెట్టి, "కాసేపు నడుం వాల్చక్కా" అంది.

వాల్చాను. నాలుగేళ్లలో ఎవరూ నాతో ఆ మాట అనలేదు.

లేచేసరికి మరుసటి రోజు పొద్దున ఎనిమిదయింది. సిగ్గుతో చచ్చిపోయాను. వసారాలో ఆమె బుట్టలోకి నెత్తళ్లనే సన్న చేపల్ని ఎత్తుతోంది. ఎండబెట్టడానికి. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఏదో ఒకటి మాట్లాడాలని, "మీ ఆయన యాడమ్మా, కనపడల్యా?" అన్నాను.

"వేటకి పోయాడక్కా."

"ఎప్పుడొస్తాడు?"

"నిన్న మజ్జానానికే రావాల."

చేపలు ఎత్తడం ఆపకుండానే చెప్పింది. ముగ్గురు మనుషులున్న ఇంజను పడవట. వెతకడానికి పొద్దున్నే రెండు పడవలు వెళ్లాయట.

"అయ్యో, నాకు చెప్పకపోతివే! నేనేమో మంచమెక్కి నిద్ర పోతాండా!"

"చెప్తే మాత్రం నువ్వేం చేస్తావక్కా? అలిసిపోయుండావు. వొళ్లెరక్కుండా నిద్దరపోయావు."

అప్పుడే మా పెద్దావిడ వచ్చింది. వల అల్లడం చూడటానికి పోవాలట, అందరూ తయారుగా ఉన్నారట. సంగతి చెప్పి, నేను రానన్నాను. ఆమె ఇంటామె భుజం మీద చెయ్యి వేసి చిన్న ప్రార్థన చేసి వెళ్లిపోయింది.

మేమిద్దరం బుట్ట మోసుకుని ఒడ్డుకు నడిచాం. ఇసుక మీద పరిచిన పాత వల మీద నెత్తళ్లు చల్లి, కాకుల్ని తోలుతూ కూర్చున్నాం. సముద్రాన్ని అప్పుడే మొదటిసారి సరిగ్గా చూశాను. అందంగా ఉందో లేదో నాకు గుర్తు లేదు. ఎంత వెతికినా దాని మీద పడవ లేదన్నదే గుర్తు. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కొంచెం దూరంలో నిలబడి ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు.

"మీ ఇంట్లో ఎవరెవరుంటారక్కా?" అని అడిగింది. మా అత్త గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఎందుకో ఆగలేకపోయాను. అంతవరకు ఎవరికీ, ప్రార్థనలో దేవుడికి కూడా చెప్పని మాట నోటి నుంచి వచ్చేసింది. "ఒక్కోతూరి ఆమె పోతే బాగుండు అనిపిస్తాది."

అనేసి భయపడ్డాను. ఆమె ఎండుతున్న చేపల్ని చేత్తో తిరగేసింది.

"పొద్దున నాకూ అనిపించిందక్కా. ఈ మనిషి ఇంక రాకపోతే, ఇట్టా ఎదురు చూసే పనన్నా ఉండదు గదా అని. ఇరవై ఏళ్లుగా చూస్తా ఉండాను."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. అక్కడే కూర్చున్నాం. ఎండ ఎక్కితే తాటాకు పందిరి కిందికి మారాం.

సాయంత్రం నాలుగింటికి ఆ మనిషి వచ్చాడు. మేం చూస్తున్న వైపు నుంచి కాదు, వెనక రోడ్డు మీద ఆటో దిగి వచ్చాడు. ఇంజను చెడిపోయి, గాలికి దక్షిణంగా కొట్టుకుపోయి ఇంకో ఊరి దగ్గర ఒడ్డుకు చేరారట. మిగతా ఇద్దరూ పడవ దగ్గరే ఉన్నారని, బాగానే ఉన్నారని ఆ ఇద్దరు ఆడవాళ్లకూ వినపడేలా గట్టిగా చెప్పాడు. పెదాలు పగిలి ఉన్నాయి, ఒంటి మీద చొక్కా లేదు.

ఆమె లేచి నిలబడింది. "చొక్కా ఏమయింది?" అంది.

"తెడ్డుకి కట్టి ఊపాం. ఎవురికన్నా కనపడుద్దని."

"మంచి చొక్కా అది" అంది. వెంటనే ఇసుకలో కూలబడింది. నేను పట్టుకున్నాను. ఆమె ఒళ్లు రాయిలా బరువుగా ఉంది. అతను ఏం చేయాలో తెలియనట్టు పక్కనే నిలబడి, వంగి ఆమె బుట్టను చేతిలోకి తీసుకున్నాడు.

ఆ సాయంత్రం వంట నేనే చేశాను. చేప కోయడం నాకు రాదు కాబట్టి చారు పెట్టాను. అతను మూడుసార్లు వడ్డించుకున్నాడు.

మర్నాడు బయలుదేరేటప్పుడు ఆమె వ్యాను దాకా వచ్చింది. ఉత్తరాలు రాసుకుందామని ఇద్దరం అనుకోలేదు. నా చెయ్యి పట్టుకుని, "నీ కష్టం నీ ఇంట్లోవాళ్లకి చెప్పక్కా. నాకు చెప్పినట్టే చెప్పు" అంది.

ఇంటికి వచ్చేసరికి ఆడబిడ్డ గుమ్మంలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. జుట్టు దువ్వుకోలేదు. "వదినా, నాలుగేండ్లనుంచి ఇదంతా ఒక్కదానివే ఎట్ల చేస్తాండావ్?" అంది.

మామూలుగా అయితే, ఏముందిలే అని నవ్వేదాన్ని. ఆ రోజు బ్యాగు కింద పెట్టి, "చేయలేకుండా ఉండా. నా చేత కావడంల్యా. నెలకు నాలుగు దినాలన్నా నువ్వు రావల్ల" అన్నాను. ఆమె నా వైపు చూసి తలాడించింది.

కొన్ని నెలలు వచ్చింది, కొన్ని నెలలు రాలేకపోయింది. మా అత్త ఇంకో రెండేళ్లు బతికింది. ఆమె పోయిన రోజు, నేను భయపడ్డట్టుగా నాకు తేలిగ్గా అనిపించలేదు. పెద్దగా ఏడుపూ రాలేదు. మంచం ఖాళీ చేసి, దుప్పట్లు నానబెట్టి, గోడ పక్కన కూర్చున్నాను. బడికి సెలవు చీటీ పంపాలని మాత్రం తోచింది.