డిస్కో కాలం దగ్గర ఆగిపోయిన పాప్ చరిత్ర

ఆ రోజు పెళ్లిలో తప్పు నాదే. మైకుది కాదు, స్పీకర్లదీ కాదు.

బచేలి ఇనుప గనిలో నాతో ఒకే షిఫ్టు చేసే దోర్ల తెగ మిత్రుడి కూతురి పెళ్లి. ఊరు అడవిలో, ఉసూర్ దగ్గర. క్వార్టర్‌లో నా దగ్గర మంచం కింద కూడా క్యాసెట్లే ఉంటాయని తెలిసి, "అన్నా, పాటలు నువ్వే చూస్కో" అన్నాడు. ఆ మాట చాలు నాకు. పాప్ సంగీత చరిత్రంతా పెన్‌డ్రైవ్‌లోకి వరుసగా ఎక్కించాను: గిటార్ల కాలం, డిస్కో కాలం, క్యాసెట్ల కాలం, రీల్స్ కాలం. పెళ్లివాళ్లకు చరిత్ర అక్కర్లేదేమో అన్న అనుమానం రాలేదు. అలాంటి అనుమానాలు నాకు ఆలస్యంగానే వస్తాయి.

ఆ ఊరి పెళ్లిళ్లలో ఇరువైపుల ఆడవాళ్లూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరినొకరు ఎగతాళి చేస్తూ పాడతారు. బదులు పాడలేక ఆగినవాళ్లు ఓడినట్టు. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు వడ్డించాలి. మా వైపు పాడేది మిత్రుడి అక్క, పెళ్లికూతురి మేనత్త. కిందటి పెళ్లిలో ఈ మగపెళ్లివాళ్ల ఊరి ఆడవాళ్ల చేతిలోనే ఓడి, వాళ్లకు వడ్డించిందట. ఈసారి వాళ్లచేత వడ్డించుకోవాలని, పొద్దుటినుంచీ ఎవరితోనూ మాట్లాడకుండా గొంతు దాచుకుంది.

ఇవేవీ నేను ముందుగా కనుక్కోలేదు. ఆమె పాట మధ్యలో ఊపిరి తీసుకుంటే, పాట అయిపోయిందనుకుని మైకు అందుకున్నాను. "ఇక డిస్కో కాలం!" అని మీట నొక్కాను. పందిరి గుంజలు అదిరాయి. కోళ్లు అడవి దారి పట్టాయి. "ఈ డ్రమ్ము మనిషి వాయించింది కాదు, మిషను!" అని వివరణ కూడా ఇచ్చాను.

ఆపేసరికి అవతలి వైపు ఒకటే చప్పట్లు.

"ఆగిర్రు! ఓడిర్రు! లేవుర్రి, వడ్డించుర్రి!"

"నేనేడ ఆగిన?" మేనత్త లేచింది. "గీ డబ్బా నా పాటను మింగింది. ఏంది తమ్మీ, గిదేంది?"

"పాప్ అంటారక్కా. చిన్న పాట. ఒకే లైను మళ్లీ మళ్లీ వస్తుంది. రెండోసారికే అందరికీ నోటికొస్తుంది."

"మరి నేను పాడేదేంది?"

నా నిర్వచనం ఆమె పాటకు పూర్తిగా సరిపోయింది, కరెంటు ఒక్కటే తక్కువ.

మైకులోనే ఒప్పుకున్నాను. "అక్క ఓడలేదు. తప్పు నాది. ఆమె వంతు ఆమెకివ్వండి." వైర్లు పీకేశాను. చరిత్ర డిస్కో దగ్గరే ఆగింది.

అవతలి వైపు పాడే బోసినోటి ముసలమ్మ చెయ్యెత్తింది. "సరే, మళ్ల మొదటికెల్లి. ఎవరోడినా బకెట్లు మాత్రం డబ్బా బావే మొయ్యాలె" అని తీర్పు చెప్పి, తనే అందుకుంది:

"డబ్బా తెచ్చిన బావా, కూర ఏదయ్యా?"

మేనత్త ఊపిరి తీసుకుంది. ఈసారి నేను కదల్లేదు.

"కూర తెచ్చె మా తమ్ముడు, పళ్లు ఏవమ్మా?"

ముసలమ్మ బదులు ఎత్తుకోబోయి, నవ్వాపుకోలేక పక్కావిడ ఒళ్లో పడింది. ఆమె తేరుకునేలోగా పందిరంతా "పళ్లు ఏవమ్మా" అందుకుంది. అవతలి వైపు వాళ్లూ అందుకున్నారు. ఇంకేం బదులు!

భోజనాల్లో కూర బకెట్టు నేను మోశాను. గరిటె ముసలమ్మ పట్టింది. మొదటి దొప్ప మేనత్తది. ఆమె తినేదాకా మేమిద్దరం పక్కనే నిలబడ్డాం. ఆ తర్వాత మెత్తటి ముక్కలు ఏరి ముసలమ్మ దొప్పలో నేనే వేశాను.