కంట్రోల్ రూమ్ గడప దగ్గర చెప్పులు

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను బల్ల కింద నక్కి కూర్చున్నాను. నాకు కనబడుతున్నవి కాళ్ళే. అన్నీ చెప్పుల్లేని కాళ్ళు... పైన ఇనప రాడ్లు మానిటర్ల మీద, వీసీఆర్ల మీద, మా నాన్న మీద పడుతున్నాయి. పిక్చర్ ట్యూబు పేలి గాజుపెంకులు నేలంతా చిమ్మాయి. ఆ పెంకులు తొక్కుతూ, నెత్తుటి ముద్రలు వేస్తూ ఆ కాళ్ళు గదంతా తిరిగాయి.

అది మా కంట్రోల్ రూమ్. ద్రాక్షారామం పక్కన మా ఊళ్ళో మొట్టమొదట కేబుల్ పెట్టింది మా నాన్నే. కొన్నాళ్ళకి సొంతంగా లోకల్ ఛానల్ కూడా మొదలుపెట్టారు. భీమేశ్వరస్వామి కల్యాణం, ఊళ్ళోవాళ్ళ పెళ్ళి క్యాసెట్లు, ఆదివారం సినిమా... సాయంత్రాలు అమ్మ 'దొరికిన వస్తువులు' చెప్పేది. రోడ్డు మీద ఎవరికి తాళాలు దొరికినా, గొడుగు దొరికినా మాకు తెచ్చి ఇచ్చేవారు. వాటిని బల్ల మీద పెట్టి, కెమెరా తిప్పి, "మీవైతే గుర్తులు చెప్పి తీసుకెళ్ళండి" అనేది అమ్మ. గొంతే వినబడేది, మనిషి కనబడేది కాదు.

మెషీన్లకి దుమ్ము తగలకూడదని నాన్న రూలు ఒకటి పెట్టారు. ఎంతటివాళ్ళైనా చెప్పులు గడప బయట విప్పాల్సిందే... బంధువులైనా, పెళ్ళి క్యాసెట్ ఇవ్వడానికి వచ్చిన పెద్దమనుషులైనా సరే.

కొబ్బరిచెట్ల మీద నుంచి ఊరంతా వైర్లు లాగింది మా బాబాయి. నాన్నకి ఒక్కడే తమ్ముడు. రాజమండ్రి వెళ్తే నాన్న ఒకే రకం తోలుచెప్పులు రెండు జతలు తెచ్చేవారు... ఒకటి తనకి, ఒకటి తమ్ముడికి.

ఒకరోజు బాబాయి చూసుకోక, స్వామి కల్యాణం క్యాసెట్ మీద క్రికెట్ మ్యాచ్ రికార్డు చేసేశాడు. నాన్న అందరి ముందూ అతని చెంప పగలగొట్టారు. కింద పడినా ఆపలేదు. మా నాన్న కోపం అలాంటిది, దాన్ని నేను వెనకేసుకు రాను. బాబాయి లేచి, పెదవి తుడుచుకుని వెళ్ళిపోయాడు. కాలువ అవతల కొత్తగా కేబుల్ పెట్టినాయన దగ్గర చేరాడు.

ఇక అక్కణ్ణించి... తెల్లారేసరికి మా వైర్లు తెగి వేలాడేవి. ఆ కేబులాయన మనుషులు మా లైన్‌మ్యాన్ సత్తిబాబుని స్తంభం మీద నుంచి లాగి దవడ విరగ్గొట్టారు. నాన్న ఊరుకునే మనిషా? కాలువ గట్టు మీద వాళ్ళ మనిషిని పట్టుకుని పళ్ళు రాలగొట్టి వచ్చారు. ఆయన చొక్కాకి అంటిన రక్తం వదలక, అమ్మ నానబెడుతూ ఇద్దరన్నదమ్ముల్నీ కలిపి తిట్టింది.

ఆ ఆదివారం వీధిలో పురుగు లేదు. అందరూ మా ఛానల్లో సినిమాకి అతుక్కుపోయి ఉన్నారు. అదను చూసుకునే వచ్చారు, మొహాలకి తువ్వాళ్ళు చుట్టుకుని. నాన్న నన్ను బల్ల కిందకి తోసి, ఎదురు వెళ్ళారు. ఆయన చెయ్యి విరిగిన చప్పుడు నేను విన్నాను... చెరుకుగడ విరిచినట్టు. అమ్మ వెనక వసారాలోంచి రోకలి తెచ్చి ఒకడి వీపు మీద వేసింది. వాడు నా ముందే బోర్లా పడ్డాడు.

సినిమా ఆగేసరికి జనం బయటికొచ్చారు. మమ్మల్ని కాపాడటానికి కాదండి... సినిమా ఎందుకు ఆపారని అడగడానికి. ఏదైతేనేం, ఆ జనాన్ని చూసి వాళ్ళు దొడ్డిదారిన పారిపోయారు.

గడప బయట వాళ్ళ చెప్పులు మిగిలిపోయాయి. చావగొట్టడానికి వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి వచ్చారు, చూడండి... ముందు నడిచినవాడు అలవాటు కొద్దీ విప్పుంటాడు, వెనకవాళ్ళు అతన్ని చూసి విప్పుంటారు. మా గడప దగ్గర అంత అలవాటున్న మనిషి ఎవరో అమ్మకి వెంటనే తెలిసిపోయింది.

బీరువాలో ఉన్న కెమెరా ఒక్కటే బతికింది. అరువు సామానుతో ఛానల్ మళ్ళీ మొదలైన సాయంత్రం, అమ్మ ఆ చెప్పులన్నీ బల్ల మీద వరసగా పేర్చింది. చివరి జత ఎత్తింది. అచ్చం నాన్న చెప్పుల్లాంటివే.

"అది పక్కన పెట్టు" అన్నారు నాన్న, కట్టు కట్టిన చెయ్యి అడ్డం పెట్టి.

"ఎందుకండీ? వాళ్ళని ఇంటి మీదకి తోలుకొచ్చింది ఇతనేగా. ఊరికి తెలియొద్దా?"

"ముందు చెయ్యెత్తింది నేనే."

అమ్మ ఆ జత దించేసింది. మిగిలినవి చూపించి, రోజూ చెప్పినట్టే, "మీవైతే గుర్తులు చెప్పి తీసుకెళ్ళండి" అంది. తీసుకెళ్ళడానికి ఎవరొస్తారు... కానీ ఊళ్ళో చెప్పులు గుర్తుపట్టనిది ఎవరు? తెల్లారేసరికి పేర్లన్నీ పోలీసుల దగ్గరికి చేరిపోయాయి. బాబాయి పేరు మాత్రం మా ఇంట్లోంచి బయటికి రాలేదు. అతను ఊరు వదిలి తుని వైపు వెళ్ళిపోయాడు.

ఆ జతని నాన్న గడప బయట, తన చెప్పుల పక్కన పెట్టారు. ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. ఊడ్చేటప్పుడు అమ్మ గొణుక్కుంటూ ఎత్తి, దులిపి, మళ్ళీ అక్కడే పెట్టేది.

తరవాత పెద్ద నెట్‌వర్కు వాళ్ళొచ్చి ఊరి లైన్లన్నీ కలిపేసుకున్నారు. మా ఛానల్ మూతపడింది. డిష్ దించుతున్న రోజు గుమ్మం ముందు బాబాయి కనబడ్డాడు. జుట్టు నెరిసింది, ఒక కాలు కుంటుతున్నాడు. బిగుసుకుపోయిన ఆ పాత చెప్పుల వంక చాలాసేపు చూశాడు. కాళ్ళకున్నవి విప్పి వాటి పక్కన పెట్టాడు.

"ఇంకా లోపల మెషీన్లేం ఉన్నాయిరా... చెప్పులతోనే రా" అన్నారు నాన్న.

బాబాయి వట్టికాళ్ళతోనే లోపలికి వచ్చాడు. ఖాళీ గదిలో ఇద్దరూ నేల మీద కూర్చుని ఏడ్చారు.

ఇప్పుడు మా ఇంట్లో ఎన్ని ఛానళ్ళో నాకే తెలియదు. ఒక్కదాంట్లోనూ తెలిసిన గొంతు వినబడదు... పోగొట్టుకున్నది ఎక్కడుందో చెప్పేవాళ్ళూ లేరు. మీ ఊళ్ళోనూ ఇలాంటి ఛానల్ ఉండేదా? అందులో మీవాళ్ళ గొంతు ఎప్పుడైనా విన్నారా? ఉంటే కింద రాయండి... అమ్మకి చదివి వినిపిస్తాను.