ఫ్లష్ అంటే ఏం చేయాలి?

ఆఫీసులో ఆమెను అందరూ 'అంటే అక్క' అనేవారు. ఎవరు ఏ కొత్త మాట వాడినా "అంటే?" అని అడగనిదే వదిలేది కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాళ్ల మధ్య ఏళ్ల తరబడి పనిచేస్తున్నా ఆ అలవాటు పోలేదు. ఇంట్లో అత్తగారైతే, "కాస్త కాఫీ ఇవ్వమ్మా అంటే, కాస్త అంటే ఎంత అని అడుగుతుంది" అని నవ్వేవారు.

ఒక మధ్యాహ్నం అంబులెన్సులు పంపే కంట్రోల్ రూములో కంప్యూటర్లు మొరాయించాయి. అవి నడిచేది వీళ్లు రాసిన సిస్టమ్ మీదే. సాయం కోరినవాళ్ల వివరాలు లోపలికి వెళ్తున్నాయి గానీ, ఒక్కటీ బండ్లకు చేరడం లేదు.

టీము పెద్ద అక్కడి టెక్నీషియన్‌తో స్పీకర్ ఫోనులో మాట్లాడుతున్నాడు.

"బఫర్ ఫ్లష్ చేసి, రీస్టార్ట్ చేసేయండి."

"సరే సార్, చేస్తున్నా."

"ఆగండి!" ఆమె ఫోను మీదికి వంగింది. "ఫ్లష్ అంటే ఏం చేయబోతున్నారు?"

టీము పెద్ద మొహం ఎర్రబడింది. "అక్కడ ప్రాణాల మీదికొస్తుంటే ఇప్పుడా నీ పాఠాలు?"

"ఒక్క నిమిషం సార్." ఆమె మళ్లీ ఫోను వైపు తిరిగింది. "మీరు చెప్పండి."

"ఏముంది మేడం, లోపల పేరుకున్నవన్నీ తుడిచేయడమేగా?"

టీము పెద్ద ఉద్దేశం వేరు. బఫర్లో ఆగిపోయిన వివరాలను డిస్కులోకి రాయించమని ఆయన చెప్పాడు.

ఆమె ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. "తుడవకండి. హోటల్లో సర్వరు ఆర్డర్లన్నీ బుర్రలోనే పెట్టుకున్నాడనుకోండి. వాటిని కాగితం మీద పెట్టించకుండా అతన్ని ఇంటికి పంపేస్తే ఎవరేం అడిగారో ఇంకెవరికి తెలుస్తుంది? ఆ బుర్రే బఫర్. కాగితం మీ డిస్కు. మీ ముందు తుడిచేసే 'డ్రాప్' ఉందా, డిస్కులోకి రాసే 'రైట్' ఉందా?"

"రెండూ ఉన్నాయి మేడం. నా వేలు డ్రాప్ మీదుంది."

"వేలు తీసేయండి. రైట్ నొక్కండి."

అవతల ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి. "రాస్తోంది... ఇంకా రాస్తోంది..." అంటున్నాడతను. రీస్టార్ట్ అయ్యేదాకా ఇక్కడెవరూ కుర్చీలో కూర్చోలేదు.

"వచ్చేశాయి! అన్నీ ఉన్నాయి. బండ్లు కదిలాయి మేడం!"

బఫర్లో ఆగిన కాల్స్‌లో ఒకటి ఊపిరాడని పసిబిడ్డ కోసం తల్లి చేసిన ఫోనని సాయంత్రం తెలిసింది. బండి ఆలస్యంగానే వెళ్లినా బిడ్డ దక్కింది. అది విని ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది.

టీము పెద్ద వచ్చి పక్కనే కూర్చున్నాడు. "మన మాన్యువల్లో 'ఫ్లష్' అన్న మాట ఎక్కడున్నా తీసేద్దాం. బదులు ఏం పెట్టాలో నువ్వే చెప్పు," అన్నాడు.

"నేనొక్కదాన్నే చెబితే ఎలా సార్? ఆ టెక్నీషియన్‌ని కూడా పిలుద్దాం. చదువుకుని నొక్కాల్సింది ఆయనేగా."