జాన్ బాబు చూసిన అసలు కోట

జాన్ బాబు చేసిన చివరి మామూలు పని, యూసుఫ్‌గూడ ఇంటి గడప మీద కూర్చుని గోళ్ళలో ఎండిన ప్లాస్టర్ గీక్కోవడం. కూతురు జెరూష అప్పటికే చెప్పులేసుకుని నిలబడింది.

"పెళ్ళిచూపులకి వెళ్తున్నామా నాన్నా?"

"అంతకంటే ఎక్కువేనమ్మా. దొంగకోటల మేస్త్రి అసలు కోటకి పోతున్నాడు. పరువుగా పోవద్దూ."

ఫిల్మ్‌నగర్ సెట్లలో బతుకంతా కోటలే కట్టాడాయన. చెక్క చట్రం మీద ప్లాస్టర్ రాళ్ళు, వాటి మీద రంగుతో వందల ఏళ్ళనాటి నాచు. షూటింగ్ అయిపోగానే గడ్డపారలతో పడగొట్టేవాళ్ళు. నిజం కోట ఒక్కటీ చూడలేదు. సమ్మెతో పనులు ఆగిన ఆ వారం, భువనగిరి కొండెక్కించి, పైనున్న పాడుబడ్డ మహలు ముందు నాన్నని నిలబెట్టి తీరాలని జెరూష పంతం.

మొదటి ద్వారం దాటగానే జాన్ బాబు ఆగి, గోడకి అరచెయ్యి ఆనించాడు. జెరూష మురిసిపోయింది. తర్వాతి మలుపులో మళ్ళీ ఆగాడు. ఈసారి నుదురు కూడా ఆనించాడు.

"ముద్దు పెట్టుకుంటావా ఏంటి?"

"రాళ్ళ అతుకు చూస్తున్నానమ్మా."

"మలుపుకో అతుకు చూస్తే ఇక్కడే పొద్దుగూకుద్ది. దిగేప్పుడు చూద్దువుగాని, రా."

నవ్వి, ఎక్కాడు. ఆ పైన బోడిబండ వాలు మొదలయ్యేచోట, కూలిన గోడ నీడలో కూర్చుండిపోయాడు.

"నువ్వు చూసిరా. నాకీ గోడతో పనుంది."

జెరూష విసురుగా ఎక్కిపోయింది. పైన గాలి హోరు. మహలును తను చూడనే లేదు, ఆయన కోసం ఫోటోలు తీసింది. దిగి వచ్చేసరికి ఆయన గోడకి ఆనుకునే ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని, ఇంటికెళ్ళి పడుకుందువులే అంటూ భుజం కదిపింది. తల పక్కకి వాలిపోయింది. కొండ చూడవచ్చినవాళ్ళెవరో దుప్పటిలో మోసి కిందికి దించారు.

ఆయన పోయాక ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికకి బాలమణి వచ్చింది. సెట్లలో ఆయన పక్కన ప్లాస్టర్ కలిపే మనిషి. ప్రార్థన ముగిశాక జెరూష ఆమె పక్కన కూర్చుంది.

"రాళ్ళంటే ఎంత పిచ్చి అత్తా. ప్రతి గోడ దగ్గరా ఆగాడు."

బాలమణి తల అడ్డంగా ఊపింది.

"పిచ్చి కాదు బిడ్డా. ఆయనకి దమ్ము ఆడకపోతుండె. మీకు చెప్పొద్దని ఒట్టు వెట్టించుకుండు. సెట్లల్ల ఎత్తు మీది పనంతా మేమే చేసినం. క్రిస్మస్ పోయినంక మీ నాయిన నిచ్చెన ఎక్కనే లేదు."