లోబాన్ తాతకు ఇవ్వని పాలు

నిన్న సాయంత్రం మా కోడలు ఆన్‌లైన్‌లో తెప్పించిన సాంబ్రాణి కప్పు వెలిగించింది. మనవరాలు డబ్బా మీద ‘లోబాన్’ అని చదివి, అంటే ఏమిటని నన్నడిగింది. ఒక చెట్టు బంక అని చెప్పి ఊరుకున్నాను. అది సగం అర్థమే, మిగతా సగం చెప్పడానికి నోరు రాలేదు.

పాతబస్తీలో పెరిగిన నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, దీపాలు పెట్టే వేళకు పొగలు కక్కే ధూపపు గిన్నె పట్టుకుని గల్లీ గల్లీ తిరిగే లోబాన్ వాళ్లు. కార్వాన్‌లో మా బర్రెల కొట్టానికి రోజూ ఒక ముసలాయన బహదూర్‌పురా నుంచి నడిచి వచ్చేవాడు. నిప్పుల మీద చిటికెడు లోబాన్ చల్లి కొట్టమంతా పొగ పట్టేవాడు, దోమలు పోయి బర్రెలు నిమ్మళంగా నెమరేసేవి. అమ్మ పైసలివ్వబోతే వద్దని చెంబెడు పాలు అడిగేవాడు. నాకు ఇరవై దాటాక ఆయన ఇంటికి తల్లిలేని పసిపిల్ల చేరింది, ఆయన మనవరాలు. దానికి ఆ చెంబెడు పాలే దిక్కు.

లోబాన్ అనే మాటకు అర్థం నాకు చెప్పింది ఆయనే. చెట్టుకు గాటు పెడితే తెల్లగా కారి గడ్డకడుతుందట. “అరబ్బీల లబన్ అంటే పాలు బేటా. నేను చెట్టు పాలు తెస్త, మీ అమ్మ బర్రె పాలిస్తది, బరాబర్!” అని నవ్వేవాడు.

నాన్న పోయి కొట్టం నా చేతికి వచ్చేసరికి నాకు పాతికేళ్లు, నా అంతవాడు లేడనుకునే వయసు. ఒక ఎండాకాలం, ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన మా పెద్ద బర్రె మేత మానేసి, కడుపుబ్బి, మూడో రోజు ప్రాణం విడిచింది. దుఃఖమో పొగరో, ఆ సాయంత్రం గిన్నెతో వచ్చిన తాత మీద విరుచుకుపడ్డాను.

“నీ పొగతోనే సచ్చింది. మల్ల ఈ గడప తొక్కకు!”

అమ్మ పాల చెంబుతో నా వెనకే నిలబడి ఉంది. తాత ఆ చెంబు వైపు ఒక్కసారి చూసి వెళ్లిపోయాడు.

మర్నాడు పశువుల డాక్టరు కోసి చూస్తే దాని కడుపు నిండా ప్లాస్టిక్ సంచులు. వెళ్లి ఆయన్ని పిలుచుకు రమ్మని అమ్మ బతిమాలింది. నాకు నామోషీ, రేపూ మాపూ అంటూ వారం దాటించాను. చివరికి సైకిలుకు పాలక్యాను కట్టుకుని బహదూర్‌పురా వెళితే ఆయన ఉండే గదికి తాళం వేసి ఉంది. పిల్లకు జబ్బు చేస్తే ఎత్తుకుని ఎటో పోయాడని పక్కింటామె చెప్పింది. “పాలకోసం మస్తు ఏడ్సింది భాయ్” అంది. తరవాత ఎంత వెతికినా ఆయన జాడ దొరకలేదు. ఆ పిల్ల బతికిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

అమ్మ పోయేదాకా రోజూ ఆ వేళకు ఒక చెంబు పాలు విడిగా తీసిపెట్టేది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు, అని ఉంటే ఇంత బరువు ఉండేది కాదేమో. ఇప్పుడు ఆ కొట్టం లేదు, ఆ బర్రెలూ లేవు. పాలు ప్యాకెట్లో, లోబాన్ డబ్బాలో గుమ్మం దగ్గరికే వస్తున్నాయి, తెచ్చినవాడి ముఖం ఎవరూ చూడరు. మనవరాలు మళ్లీ అడుగుతుందేమోనని నాకు భయంగా ఉంది. లోబాన్ అంటే పాలు అని చెబితే, ఎవరి పాలు తాతా అంటుంది.