ఓడ దిగిన మేనమామ

ఆ ఇంగ్లీషు నవల పేరు చెప్పమంటే చెప్పను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఏ పుస్తకాల కొట్లోనైనా ఆ అట్ట కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందరూ గొప్ప నవల అంటారు. గొప్పదే అయి ఉంటుంది, కాదనడానికి నేనెవరిని? ఏడో తరగతిలో ఉన్న నన్ను మాత్రం అది మూడు చెరువుల నీళ్లు తాగించింది.

మేం కలకత్తాలో, ఏక్‌బాల్‌పూర్‌లో ఉండేవాళ్లం. నాన్న ఓడరేవు డాకులో ఓడల నుంచి సరుకు దించే పని చేసేవాడు. మా సందులో సగం ఇళ్లు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లవే. ఐదో తరగతి దాకా నేను దగ్గర్లోని తెలుగు బడిలో చదివాను. ఆ రోజుల్లో అక్కడి ఎర్రజెండా ప్రభుత్వం చిన్న తరగతుల నుంచి ఇంగ్లీషు తీసేసింది, పిల్లలు సొంత భాషలోనే చదువుకోవాలని. నాన్న ఎర్రజెండా పట్టుకుని ఊరేగింపుల్లో గొంతు పోయేలా అరిచే మనిషే గానీ, ఈ ఒక్క విషయంలో సర్కారు మాట చెవిన పెట్టలేదు. "ఆ పెద్దోల పిల్లలు ఎలాగోలా నేర్చీసుకుంటారు. మన గుంటకి ఎవలు నేర్పుతారు?" అన్నాడు. ఎవరి కాళ్లు పట్టుకున్నాడో తెలియదు, ఆరో తరగతిలో నన్ను ఒక ఇంగ్లీషు మీడియం ఆడపిల్లల బడిలో చేర్చాడు.

ఆ చలికాలంలోనే బస్తాలు మీద పడి నాన్న చచ్చిపోయాడు.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. ఆడదాని మొగుడు పోతే పుట్టింటివాళ్లు కొత్త చీర పట్టుకుని రావాలి. అమ్మకు తల్లీ తండ్రీ లేరు, ఉన్నది ఒక్క తమ్ముడు. నాకు మేనమామ. కబురు అందింది, కానీ ఆయన రాలేదు. కర్మకాండ అంతా చీర రాకుండానే అయిపోయింది. సందులో ఆడవాళ్లు తలో మాటా అన్నారు. "జీడితోటల పని అవ్వగానే వస్తానన్నాడు" అని అమ్మ అందరికీ చెప్పుకుంది. తోటల పని అయింది, వానలు కూడా మొదలయ్యాయి. ఊరినుంచి ఎవరొచ్చినా "వచ్చే మెయిలు బండికి బయల్దేరతానన్నాడు" అనే మాటే మోసుకొచ్చేవాళ్లు. అమ్మ అలీపూర్‌లో ఇళ్ల పని చేసుకుంటూ, ఆదివారం వచ్చిందంటే బస్సెక్కి హౌరా స్టేషన్‌కి పోయేది. దక్షిణం నుంచి వచ్చే బండి ఖాళీ అయ్యేదాకా నిలబడి, తిరిగొచ్చి, చెప్పులు విడిచి, పొయ్యి వెలిగించేది. నేనూ అడగడం మానేశాను.

బడిలో నా సంగతి ఇంకా ఘోరం. తండ్రి పోయిన పిల్ల అని జాలిపడి ఆరు గట్టెక్కించారు. ఏడులో ఆ నవల మీద పడింది. చీమతలకాయంత అక్షరాలు. తక్కిన అమ్మాయిల తండ్రులు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, ఇంట్లో ఆ కథలన్నీ ఊరగాయలా వాడుకలో ఉన్నవే. నేను డిక్షనరీ పెట్టుకుని పేరా మొదలుపెడితే, చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోయేదాన్ని. మా ఇంగ్లీషు మిస్ బెంగాలీ ఆవిడ. సన్నగా, కళ్లద్దాలతో, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు ఉండేది. పాఠం గబగబా చదివేసి, మధ్యమధ్యలో రెండు ముక్కలు బెంగాలీలో చెప్పి, "బుఝేఛో?" అనేది. అందరూ అర్థమైందని తలూపేవాళ్లు. నేనూ ఊపేదాన్ని.

అర్ధ సంవత్సరం పరీక్షలో ఇంగ్లీషు తప్పాను. ఏడాది చివర కూడా తప్పితే టీసీ ఇచ్చి పంపించేస్తామని హెడ్‌మిస్ట్రెస్ చెప్పింది. ఆ మాట ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. నాన్న మాకు మిగిల్చి పోయింది ఆ బడిలో నా సీటు ఒక్కటే. అది కూడా పోతే నాన్న రెండోసారి పోయినట్టే అనిపించింది నాకు.

అమ్మకు ఇంగ్లీషు రాదు, తెలుగే కూడబలుక్కుని చదువుతుంది. అయినా ఊరుకునే మనిషి కాదు. "ఏటి సదివేవో నాకు సెప్పు. నోటితో సెప్తే బుర్రలో ఉండిపోద్ది" అంది. సాయంత్రం వీధి కొళాయికి నీళ్లు వదిలేముందు సందులో ఆడవాళ్లంతా బిందెలు వరసలో పెట్టి కూర్చునేవాళ్లు. బడి నుంచి రాగానే నన్ను అక్కడ కూర్చోబెట్టేది. ఆ వేళ అయిన పాఠం నేను తెలుగులో చెప్పాలి, వాళ్లు వినాలి. నీళ్లు వస్తే కథ ఆగిపోయేది.

కథ ఇది. సముద్రం పక్కన ఒక ఊరు. ఒక అమ్మాయి తండ్రి పడవ మునిగి చనిపోతాడు. తల్లి ముందే లేదు. ఆ పిల్లని రేవులో ఒక సత్రం యజమాని పనికి పెట్టుకుంటాడు. అంట్లు తోముతూ, చలికి వణుకుతూ, వచ్చే ప్రతి ఓడనూ కిటికీలోంచి చూస్తూ ఉంటుంది. నాకు అర్థమైనంత చెప్పేదాన్ని, అర్థం కానిచోట తడబడేదాన్ని. నేను తడబడితే చాలు, మా పక్కింటి మామ్మ అందుకునేది. నోట్లో చుట్ట తీయకుండానే మాట్లాడే మనిషి. "మరి ఆ గుంటకి మేనమామ నేడేటి?" అని మొదటి రోజే అడిగింది.

"పుస్తకంలో చెప్పలేదు మామ్మా."

"సెప్పకపోతే నేడనా? మేనమామ నేని పిల్ల ఏ దేశంలో ఉంటాది? ముందుకెల్లు, వస్తాడు."

అందరూ అవునన్నారు. అమ్మ బిందె మూతి తుడుస్తూ వింది.

ఆ ఏడాది చివర్లో అకాల వానకు వీధులు మునిగి బడికి సెలవులిచ్చారు, వెనకే బంద్ ఒకటి వచ్చింది. ఆఖరి అధ్యాయాలు ఇంట్లో చదువుకోండని మిస్ చెప్పేసింది. లైటు పోతే కిరోసిన్ దీపం దగ్గర, ఉంటే బల్బు కింద, ఆ పేజీలతో కుస్తీ పట్టాను. నాలుగు మాటలు తెలిస్తే నలభై తెలియవు. ఏడుస్తూ తిప్పుతుంటే ఒకచోట నాకు స్పష్టంగా అర్థమైన వాక్యం దొరికింది. ఒక మగమనిషి ఓడ దిగాడు. అతని చేతిలో పెట్టె ఉంది. సత్రం తలుపు దగ్గరకొచ్చి ఆ అమ్మాయితో మాట్లాడాడు.

మర్నాడు కొళాయి దగ్గర అంతవరకే చెప్పాను. మామ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "సెప్పేనా నేదా? మేనమామే!"

ఈసారి అమ్మ నోరు విప్పింది. "పెట్టెలో ఏటున్నాది?"

"చెప్పలేదమ్మా."

"బట్టలే" అంది అమ్మ. "ఉత్త సేతుల్తో వస్తాడేటి. కొత్త బట్టలు తెచ్చుంటాడు. కొసలకి పసుపు రాసి మరీ తెస్తాడు. ఆలస్యమైపోయిందని ఆ గుంటని పట్టుకుని ఏడుస్తాడు." అంటూ అమ్మ ఎటో చూస్తోంది. అమ్మ కళ్లు అలా మెరవడం నాన్న పోయాక నేను చూడలేదు. తక్కిన పేజీలన్నీ ఆ వెలుగులోనే చదివాను. అర్థం కానివన్నీ ఆ మేనమామ మాటలే అనుకున్నాను. ఆ పిల్ల మూట కట్టుకోవడం కనిపించింది, నడవడం కనిపించింది. ఇంకేముంది, మామయ్యతో వెళ్లిపోతోంది.

పరీక్షలో నవల ముగింపును సొంత మాటల్లో రాయమన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంగ్లీషులో నా కలం పరిగెత్తడం అదే మొదలు. మేనమామ ఓడ దిగడం, పెట్టె తెరవడం, కొత్త బట్టలు, కొసలకు పసుపు, మేనకోడలి చేయి పట్టుకుని తన ఊరికి తీసుకెళ్లడం, అన్నీ నాకొచ్చిన ముక్కల్లో రాశాను. బయటికొచ్చి అమ్మతో గండం గడిచిందన్నాను.

గడవలేదు. పెద్దవాళ్లను తీసుకురమ్మని పిలుపు వచ్చింది.

టీచర్ల గదిలో అమ్మ కుర్చీలో కూర్చోలేదు. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని నిలబడింది. మిస్ నా జవాబు పేపరు చేత్తో పట్టుకుని, కోపమో నవ్వో తెలియని మొహంతో, నేను రాసిందంతా బెంగాలీలో అమ్మకు వినిపించింది. పసుపు దగ్గరకొచ్చేసరికి ఆగి, ఇదేమిటి, ఇంగ్లండులో పసుపేమిటి అని నన్నడిగింది. నేను తల దించుకున్నాను. అమ్మ మాత్రం సంతోషపడిపోయింది. తన వచ్చీరాని బెంగాలీలో, "అవును దిదిమణీ, అదే కథ. పిల్ల బాగా రాసింది" అంది.

"ఈ పుస్తకంలో మేనమామ లేడు" అంది మిస్.

"ఉన్నాడు. ఓడ దిగాడు కదా."

"అతనెవరో దారినపోయే మనిషి. ఊళ్లోకి దారి ఎటు అని అడిగి వెళ్లిపోతాడు."

అమ్మ నావైపు చూసింది, మళ్లీ ఆవిడవైపు చూసింది. "ఆ తర్వాత వచ్చేదెవరు?"

"ఎవరూ రారు."

"కేఉ నా?" అంది అమ్మ. ఎవరూనా అని.

"కేఉ నా" అంది మిస్.

అమ్మ అలాగే నేలమీద కూలబడింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు, వెక్కి వెక్కి ఏడ్చింది. నాన్నను తీసుకెళ్లేటప్పుడు కూడా అమ్మ అలా ఏడవలేదు. టీలు తాగుతున్న టీచర్లు కప్పులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. మిస్ బెదిరిపోయింది. పరీక్ష తప్పినందుకు ఏడుస్తోందనుకుని, వంగి అమ్మ భుజం పట్టుకుని, "ఉండండి, ఉండండి, మళ్లీ పరీక్ష పెడతాను, హెడ్‌మిస్ట్రెస్‌తో నేను మాట్లాడతాను" అని మొదలుపెట్టింది. ఎందుకు ఏడుస్తోందో నాకు తెలుసు. తెలిసి కూడా చెప్పలేక చచ్చిపోయాను. ఆ పుస్తకాన్నీ, మిస్‌నీ, దాన్ని రాసిన మహానుభావుడినీ, ఊళ్లో ఉన్న మా మేనమామనీ ఆ క్షణంలో సమానంగా అసహ్యించుకున్నాను. ఒక్క మనిషిని పంపిస్తే ఆ రచయిత సొమ్మేం పోయింది? రాసేవాడి చేతిలో పనే కదా.

ఆ సాయంత్రం కొళాయి దగ్గర మామ్మ ఈ సంగతి విని ఒప్పుకోలేదు. "ఆ పంతులమ్మకి తెలీదు. నేకపోతే అచ్చులో తప్పడ్డాది" అంది. ఎవరూ నవ్వలేదు. అమ్మ బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేసింది.

మిస్ మాట నిలబెట్టుకుంది. బడి సెలవుల్లో పిలిపించి ఆఖరి అధ్యాయాలు నాతో వాక్యం వాక్యం చదివించింది. విసుక్కుంటూనే, గడియారం చూసుకుంటూనే, చదివించింది. అప్పుడు తెలిసింది. ఓడ దిగిన మనిషి దారి అడిగి పోతాడు. పెట్టెలో ఏముందో రచయితకు కూడా పట్టదు. ఆ పిల్ల చీకటి పడేదాకా తలుపు దగ్గరే నిలబడుతుంది. తర్వాత లోపలికెళ్లి తనకున్న గుడ్డలు మూట కట్టుకుంటుంది. మంచులో ఒక్కతే నడుచుకుంటూ పోతుంది. అంతే. నేను మామయ్య మాటలనుకున్నవన్నీ గాలి గురించిన వర్ణనలు.

మళ్లీ పరీక్షలో అదే ప్రశ్న. ఖాళీ గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. తలుపు దాకా వచ్చిన మనిషి దారి అడిగాడని రాశాను. వెళ్లిపోయాడని రాశాను. తర్వాత రాయాల్సిన వాక్యం చిన్నదే, ఇంగ్లీషులో మూడే మాటలు, నాకు బాగా వచ్చినవే. చెయ్యి మాత్రం కదలనంది. అది రాస్తే అమ్మ మీద నేనే చాడీ రాసినట్టుగా ఉంది. రాయకపోతే నాన్న ఇచ్చిన సీటు పోతుంది. కాగితం మీద కన్నీళ్లు పడకుండా తల పక్కకు తిప్పుకుని రాసేశాను.

అమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. "ఏటి రాసేవు?" అంది.

"ఎవలూ రాలేదని."

అమ్మ తల దించుకుని నా జడకు ఊడిపోయిన రిబ్బను సరిచేసింది. చాలాసేపు చేసింది. "మంచి పని సేసేవు. ఉన్నది ఉన్నట్టు రాయాల" అంది.

పాసయ్యాను. మామ్మ సందంతా చాటింపు వేసి, పంతులమ్మ చివరికి దారికొచ్చిందని చెప్పింది. ఆ వారమే పలాస నుంచి ఒకాయన వచ్చి, మీ తమ్ముడు ఈ ఆదివారం మెయిలుకి తప్పకుండా వస్తానన్నాడమ్మా అన్నాడు. అమ్మ అలాగేనంది.

ఆదివారం పొద్దున్న అమ్మ హౌరా బస్సు ఎక్కలేదు. నన్ను వెంటబెట్టుకుని ఖిదిర్‌పూర్ బజారుకు నడిచి, ఆకుపచ్చ అంచు ఉన్న నూలు చీర ఒకటి తీసుకుంది. ఇంటికొచ్చి గిన్నెలో పసుపు కలిపి, చీర కొసలన్నిటికీ తన వేలితోనే రాసుకుంది. తర్వాత గోడవైపు తిరిగి కట్టుకుని, కుచ్చిళ్లు సర్దుకుంటూ నా ముందుకొచ్చి నిలబడింది.

"బాగున్నాదా?" అంది.

బాగుందన్నాను. అమ్మ బిందె తీసుకుని కొళాయి దగ్గరకు వెళ్లిపోయింది.